‘చెప్పినా కదల్లేదు, చచ్చారు’ అనే మెసేజ్‌కి నా జవాబు

హరికేన్ సీజన్ వస్తే చాలు, ఈ మెసేజ్‌కి మళ్ళీ ప్రాణం వస్తుంది. 2024లో హెలీన్, మిల్టన్ రెండు వారాల తేడాలో ఫ్లోరిడా మీద పడ్డప్పుడు నాకే నాలుగు వైపుల నుంచి వచ్చింది. చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నది ఇదీ: “అమెరికాలో వారం ముందే చెప్తారు, అందరికీ కార్లున్నాయి, రోడ్లున్నాయి, అయినా కొందరు మొండిగా ఇంట్లోనే కూర్చుని బీర్ పార్టీలు చేసుకుంటారు. నాలుగుసార్లు హెచ్చరిక వట్టిపోయింది కదా అని ఐదోసారి నమ్మరు. ఎక్కువగా చదువుకోనివాళ్ళే. ఇలాంటివాళ్ళ మీద జాలెందుకు, తీరం మొత్తం బలవంతంగా ఖాళీ చేయిస్తే ఒక్కరూ చావరు.” కింద నీళ్ళలో మునిగిన ఊరి ఫోటో ఒకటి.

తీరంలో ఉన్న కుటుంబాలు వెళ్ళాలా ఉండాలా అని ఎలా తేల్చుకుంటాయి అన్నదాని మీద కొన్నాళ్ళుగా దొరికిన రీసెర్చ్ పేపరల్లా చదువుతున్నా, కాబట్టి ఇది చూసి ఊరుకోలేకపోయా. ఒక్కో ముక్కా తీసుకుందాం.

“వారం ముందే చెప్తారు.” చిక్కంతా ఈ మాటలోనే ఉంది. వారం ముందు చాలాసార్లు అక్కడ తుఫానే ఉండదండీ. 2018లో మైకేల్ చూడండి, అక్టోబర్ 7న దానికి పేరు పెట్టారు, 10న మధ్యాహ్నానికి ఫ్లోరిడాలో మెక్సికో బీచ్ అనే ఊరి దగ్గర కేటగిరీ 5గా, అంటే గాలి వేగం స్కేల్‌లో పై మెట్టు మీద, తీరం దాటింది, అంటే పేరు పెట్టిన దగ్గర్నుంచి ఊరు నేలమట్టం అయ్యేదాకా మొత్తం మూడు రోజులు. 2022లో ఇయన్ అయితే మొదట్లో అందరి కళ్ళూ టాంపా మీదే, తర్వాత అది దక్షిణానికి జరిగింది, ఫోర్ట్ మయర్స్ ఊరున్న లీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఇళ్ళు ఖాళీ చేయమని ఆర్డర్ వచ్చింది సెప్టెంబర్ 27 పొద్దున, తుఫాను తీరం దాటింది 28 మధ్యాహ్నం. 2005లో కత్రినా టైమ్‌లో న్యూ ఓర్లీన్స్ మేయర్ తప్పనిసరిగా వెళ్ళిపోండి అని ఆర్డర్ ఇచ్చింది ఆగస్టు 28 పొద్దున, మర్నాడు తెల్లవారేసరికి తుఫాను వచ్చేసింది. ఇదా వారం?

ఇక టీవీలో చూపించే ఆ కోన్ బొమ్మ, తుఫాను వెళ్ళే దారి అంచనాని మ్యాప్ మీద గరాటులా గీసేది. అది తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో చెప్తుంది తప్ప తుఫాను ఎంత వెడల్పో చెప్పదు, పైగా కేంద్రం ఆ గీతల లోపల ఉండేది మూడింట రెండు వంతుల సార్లే. గీతకి ఇవతల ఉన్నాం కదా అని ఊపిరి పీల్చుకున్నవాళ్ళు బొమ్మని తప్పుగా చదివారు, నిజమే, కానీ అది చూడగానే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, నాకూ మొదట అలాగే అనిపించింది.

ఒక ఇల్లు ఊహించుకోండి. సోమవారం రాత్రి, వంటింట్లో టేబుల్ చుట్టూ అందరూ. భార్య హాస్పిటల్లో నర్సు, తుఫాను డ్యూటీ లిస్టులో ఆమె పేరుంది. ఆమె తండ్రి ఆక్సిజన్ మెషిన్ మీద ఉన్నాడు, కరెంటు పోతే ఆయనకి గండం, కారులో పది గంటలు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా గండమే. ఓ కుక్క. ఇన్సూరెన్స్ కాగితంలో జోన్ ఎక్స్ అని, అంటే వరద ముప్పు తక్కువున్న చోటని ఉంది, మనకేం కాదులే అంటాడు భర్త, కానీ అది ఫెడరల్ వాళ్ళ ఫ్లడ్ మ్యాప్‌లో జోను, ఇల్లు ఖాళీ చేయడానికి కౌంటీ వాళ్ళు పెట్టే జోన్లు వేరే, ఫ్లోరిడాలో వాటికి ఏ, బీ, సీ అంటూ అక్షరాలుంటాయి, ఒకే ఇల్లు ఒక మ్యాప్‌లో ఎక్స్, ఇంకో మ్యాప్‌లో బీ అవ్వొచ్చు. కూతురు కిటికీలోంచి చూసి “పక్కింటి వాళ్ళ కారు ఇంకా అక్కడే ఉంది” అంటుంది. అంతే, ఆ మాటతో చర్చ ఆగిపోతుంది, సరే పొద్దున చూద్దాం అనుకుంటారు, పొద్దునకి దారిలో హోటళ్ళన్నీ నిండిపోతాయి. ఇందులో మొండితనం ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి.

ఇదేదో నా కథ అనుకోకండి, రీసెర్చ్ చెప్తున్నదీ ఇంచుమించు ఇదే. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన ఎర్ల్ బేకర్ 1961 నుంచి 1989 దాకా వచ్చిన 12 హరికేన్ల తర్వాత చేసిన సర్వేలన్నీ ఒకచోట పెట్టి 1991లో రాశారు, అందులో ముందు నిలిచినవి ఏమిటంటే ఇల్లు ఎంత ప్రమాదమైన చోట ఉంది, అధికారులు ఏం చేశారు, ఉంటున్నది మామూలు ఇల్లా, మొబైల్ హోమా (ఫ్యాక్టరీలో చేసి తెచ్చి పెట్టే తేలికపాటి ఇల్లు), నా ఇంటికే ముప్పు అని వాళ్ళకి అనిపించిందా లేదా. అధికారులు ఏం చేశారు అన్నచోట కాస్త ఆగండి. ‘నువ్వు, ఈ ఇంట్లో ఉన్న నువ్వు, వెళ్ళాలి’ అని తలుపు తట్టి చెప్తే కదిలేవాళ్ళు చాలా ఎక్కువ. టీవీలో జనరల్‌గా ‘తీరవాసులు అప్రమత్తంగా ఉండాలి’ అంటే ఎవరికి వాళ్ళు అది పక్కవాడికి చెప్పారనుకుంటారు. మరి చెప్పారు చెప్పారు అంటున్నారే, ఎవరికి చెప్పారు, ఏ మాటల్లో చెప్పారు?

“పార్టీలు చేసుకుంటారు.” ఈ పుకారుకి యాభై ఏళ్ళు దాటాయి. 1969 ఆగస్టులో కామీల్ మిసిసిపీ తీరాన్ని కొట్టినప్పుడు పాస్ క్రిస్టియన్ అనే ఊళ్ళో రిషెలూ అపార్ట్‌మెంట్స్‌లో జనం హరికేన్ పార్టీ చేసుకుంటూ పోయారనీ, ఒక్కరే బతికారనీ కథ పుట్టింది. నిజానికి బతికింది ఒక్కరే కాదు, వాళ్ళలో కొందరు పార్టీ గీర్టీ ఏం లేదు, తుఫానుకి సిద్ధమై కూర్చున్నాం అని తర్వాత గట్టిగా చెప్పారు కూడా. ఎవరు వింటారు? పార్టీ కథే రుచిగా ఉంటుంది మరి.

“అందరికీ కార్లున్నాయి.” లేవు. 2000 జనాభా లెక్కల ప్రకారం న్యూ ఓర్లీన్స్‌లో నాలుగో వంతుకి పైగా ఇళ్ళకి కారే లేదు. పైగా కత్రినా వచ్చింది నెలాఖరున, జీతం మీదో ప్రభుత్వ చెక్కు మీదో బతికేవాళ్ళ చేతిలో పెట్రోలుకీ హోటల్‌కీ డబ్బులు అడుగంటే రోజులవి. లూసియానాలో కత్రినాకి చనిపోయినవాళ్ళలో దాదాపు సగం మంది 75 ఏళ్ళు దాటినవాళ్ళు, వాళ్ళనా మీరు మొండి అంటున్నది? కుక్కల్నీ పిల్లుల్నీ షెల్టర్లలోకి రానివ్వక వాటిని వదిలి వెళ్ళలేక ఆగిపోయినవాళ్ళు ఎంతమంది ఉన్నారో బయటపడ్డాకే 2006లో పెంపుడు జంతువుల్ని కూడా ఊళ్ళు ఖాళీ చేయించే ప్లాన్లలో కలపాలని ఫెడరల్ చట్టం చేశారు.

ఇంకో సంగతి, 2009లో నికోల్ స్టీవెన్స్ అనే పరిశోధకురాలు, ఆవిడతో పనిచేసినవాళ్ళు కత్రినా మీదే ఒక పేపర్ వేశారు. దూరం నుంచి చూసినవాళ్ళు వెళ్ళినవాళ్ళని చురుకైనవాళ్ళన్నారు, ఉండిపోయినవాళ్ళని ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్ళన్నారు. ఉండిపోయినవాళ్ళని అడిగితే ఒకరికొకరు తోడున్నామనీ, దేవుడి మీద భారం వేసి ధైర్యంగా నిలబడ్డామనీ చెప్పారు. ఈ మెసేజ్ రాసినాయన మొదటి గుంపులో ఉన్నాడు, గట్టు మీద కూర్చుని ఈత నేర్పుతున్నాడు.

“నాలుగుసార్లు వట్టిపోతే నమ్మరు.” నాన్నా పులి కథ అందరికీ వచ్చు కాబట్టి ఇది అందరికీ నిజంలా అనిపిస్తుంది. 1996లో బెర్తా, ఫ్రాన్ అనే హరికేన్లు రెండూ ఒకే తీరం మీదకి రెండు నెలల్లోపే వచ్చినప్పుడు కిర్‌స్టిన్ డౌ, సూసన్ కటర్ అనే పరిశోధకులు సరిగ్గా ఈ ప్రశ్నే పట్టుకుని జనాన్ని అడిగారు. మొదటిసారి అనవసరంగా వెళ్ళామన్న భావన రెండోసారి నిర్ణయాన్ని పెద్దగా మార్చలేదని తేలింది. అసలు ప్రమాదం తిరగేసి ఉంది, వట్టిపోయిన హెచ్చరిక కన్నా బతికి బయటపడ్డ పాత తుఫానే మనిషిని ముంచుతుంది. కామీల్ కేటగిరీ 5, దాన్నే తట్టుకుంది మా ఇల్లు, ఈ కత్రినా 3 అంట కదా అని మిసిసిపీలో ఉండిపోయినవాళ్ళున్నారు, కామీల్ 1969లో కన్నా 2005లోనే ఎక్కువమందిని చంపింది అని అక్కడివాళ్ళే అంటారు. ఆ కేటగిరీ నంబర్ గాలి వేగానిది, నీటి ఎత్తుది కాదు, కత్రినా ఉప్పెన పాస్ క్రిస్టియన్ దగ్గర దాదాపు 28 అడుగులు లేచింది. 2010లో ఆ స్కేల్‌లోంచి ఉప్పెన అంచనాల్ని తీసేసి, 2017 నుంచి ఉప్పెనకి విడిగా వార్నింగ్ ఇస్తున్నారు, అయినా జనం నోట్లో ఇప్పటికీ కేటగిరీ ఎంత అన్న ప్రశ్నే.

“చదువుకోనివాళ్ళే.” ఇది చిన్న ముక్క. హువాంగ్, లిండెల్, ప్రేటర్ అనే పరిశోధకులు కలిసి 49 స్టడీలని ఒకచోట చేర్చి 2016లో వేసిన పేపర్లో చదువు, ఆదాయం, వయసు లాంటివి ఒక స్టడీలో ఒకలా, ఇంకో స్టడీలో ఇంకోలా ఊగాయి, నిలకడగా నిలబడ్డవి అధికారుల మాట, మొబైల్ హోమ్, ఉప్పెన భయం లాంటివే. మరి ఇందాక కార్లు డబ్బులు అన్నావు కదా అంటారేమో, వెళ్ళాలన్న కోరిక వేరు, వెళ్ళగలగడం వేరు. మొండివాళ్ళు అసలు లేరా అంటే ఉన్నారు, నేనేం కాదనను, వాళ్ళని చూపించి మిగతా అందరినీ అదే గాటన కట్టడం మీదే నా పేచీ.

“మొత్తం తీరాన్ని ఖాళీ చేయించండి.” 2005 సెప్టెంబర్‌లో రీటా వస్తోందని హ్యూస్టన్ చుట్టుపక్కల నుంచి పాతిక లక్షలకి పైగా జనం ఒకేసారి రోడ్డెక్కారు, వెళ్ళమని చెప్పనివాళ్ళు కూడా కత్రినా భయంతో బయల్దేరారు, దీన్నే షాడో ఇవాక్యుయేషన్ అంటారు. మైళ్ళకొద్దీ జామ్, పెట్రోలు అయిపోయిన కార్లు, ఎండ. ముసలివాళ్ళని తీసుకెళ్తున్న బస్సు డల్లాస్ దగ్గర అంటుకుని 23 మంది పోయారు, లోపల ఆక్సిజన్ సిలిండర్లున్నాయి. రీటాలో 100 మందికి పైగా చనిపోతే ఎక్కువమంది పోయింది గాలికీ నీటికీ కాదు, ఈ ప్రయాణంలోనే. 2017లో హార్వీ వచ్చినప్పుడు హ్యూస్టన్ మేయర్ ఖాళీ చేయమనే ఆర్డర్ ఇవ్వకపోవడానికి ఈ అనుభవమే కారణంగా చెప్పారు, అది సరైన నిర్ణయమా కాదా అన్న వాదన వేరే. అందుకే అక్కడ జోన్లు పెట్టుకుని, నీళ్ళొచ్చే చోటి వాళ్ళే ముందు కదలాలి, గాలి మాత్రమే వచ్చే చోట గట్టి ఇళ్ళలో ఉండండి అని చెప్తారు. అందరూ కదిలితే కదలాల్సినవాళ్ళకి దారి దొరకదు.

చివరికి ఆ ఫోటో. జూమ్ చేసి చూశా, బోర్డు మీద ఊరి పేరు కనిపిస్తోంది, యాష్‌విల్, నార్త్ కరోలినా కొండల్లో ఉన్న ఊరు. హెలీన్‌కి ఒక్క నార్త్ కరోలినాలోనే 100 మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆ కొండ ప్రాంతంలోనే. సముద్రమట్టానికి 2,000 అడుగుల పైన ఉన్న ఊరది, తీరం నుంచి కారులో వెళ్తే నాలుగైదు గంటలు. తీరంలో కదలని మొండివాళ్ళ గురించి రాసి, ఆయన కింద పెట్టిన బొమ్మ అదీ.