సవరణ: ఏఎస్ఓ టెస్టు గురించి నేను రాసింది తప్పు

మొన్న కడపలో మా అక్క కొడుకు రిపోర్టు చూసి, ఏఎస్ఓ అనే రక్తపరీక్షలో 400 వచ్చిందంటే రుమాటిక్ జ్వరం (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత కీళ్లకు, గుండెకు వచ్చే జబ్బు) ఉన్నట్టేనని టెన్షన్‌లో రాసేశాను, అది తప్పు. గొంతు ఇన్ఫెక్షన్ తెచ్చే స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వదిలే స్ట్రెప్టోలైసిన్-ఓ అనే విషం మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను కొలిచే టెస్టు అది, ఈమధ్య ఇన్ఫెక్షన్ సోకిందని చెబుతుంది, అంతే. గొంతునొప్పి మొదలైన రోజే చేయించినా లాభం లేదు. ఆ యాంటీబాడీలు పెరగడానికి 1 నుంచి 3 వారాలు పడుతుంది, పెరిగాక నెలల తరబడి ఎక్కువగానే ఉండొచ్చు. 200 అనే నార్మల్ హద్దు పెద్దలకు, బడి పిల్లల్లో అంతకన్నా ఎక్కువ ఉండటం మామూలే. ఈ బాక్టీరియా వల్ల చర్మం మీద పుండ్లయితే ఏఎస్ఓ అసలు పెరగకపోవచ్చు, అప్పుడు యాంటీ డీఎన్ఏజ్-బి అనే ఇంకో రక్తపరీక్ష చూస్తారు. వాడికి కీళ్ల వాపు లేదు, ఎకో (గుండె స్కాన్) బాగుంది. పెన్సిలిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టమన్న నా సలహా (నేనేమైనా డాక్టరునా!) వెనక్కి తీసుకుంటున్నా.