హెచ్చరిక ముందుండాలి
ఏఐతో యంత్రాల మాన్యువల్ (వాడకం సూచనల పుస్తకం) రాయించడం గురించిన వ్యాసంలో, ఏఐ ఇచ్చిన డ్రాఫ్ట్‌లో భాష సరిచేస్తే మాన్యువల్ రాసే పని అయిపోయినట్టేనని రాశారు. నేను ఒప్పుకోను. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు యంత్రాల వాడకం సూచనలు రాసే పని నాది. భాష ఇప్పుడు సాఫీగానే వస్తోంది, అసలు చిక్కు స్టెప్పుల వరుసలో ఉంది. ఏఐ 'మూత తెరవండి' అని చెప్పాక, కింది పేరాలో 'తెరిచే ముందు ఆవిరి వాల్వ్ మూసేయాలి' అంటుంది. సీజన్లో రాత్రి షిఫ్టు ఆపరేటర్ మొత్తం చదివాక మూత ముట్టుకోడు కదా, ఒక్కో లైనూ చదువుతూ చేసుకుంటూ పోతాడు. ఉష్ణోగ్రత మనం ఇవ్వకపోతే 'తగినంత వేడి చేయండి' అంటుంది, లేదంటే తనే ఒక అంకె వేసేస్తుంది. ఈ రెండోదంటేనే నాకు ఎక్కువ భయం, చూడ్డానికి నిజంలాగే ఉంటుంది. అందుకే యంత్రం దగ్గర నిలబడి ఆపరేటర్ చేసేదంతా వరసగా రాసుకుంటాను. అంకెలు తయారీదారు ఇచ్చిన షీట్ నుంచే తీసుకుంటాను. ఆ నోట్సు ఇచ్చి, ఒక స్టెప్పులో ఒకే పని ఉండేలా వాక్యాలు చిన్నవి చేయమని మాత్రమే ఏఐని అడుగుతాను. వచ్చిన కాపీని కొత్తగా చేరిన కుర్రాడి చేతికిచ్చి పక్కన మాట్లాడకుండా నిలబడితే ఎక్కడ ఆగుతున్నాడో తెలిసిపోతుంది. ఆ పరీక్ష గురించి వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేకపోవడం నాకు బాధగా ఉంది.