ఏ-వన్ ముద్దాయి వీడియో గేమ్ గారికి

విశాఖపట్నం

అయ్యా,

గాజువాకలో ఇద్దరు కుర్రాళ్లు కొట్టుకున్నారని తెలిస్తే చాలు, ఎఫ్ఐఆర్ ఇంకా రాయకముందే టీవీ స్క్రోలింగ్‌లో మీరు ఏ-వన్ అయిపోతారు. ఏటి సాక్ష్యం అంటే, కుర్రాడి ఫోన్‌లో మీరు దొరికారు. పదహారేళ్ల కుర్రాడి ఫోన్‌లో మీరు దొరక్కపోతే అది కదండీ వార్త! అదే ఫోన్‌లో ‘రేపు బయటికి రా, చూసుకుందాం’ అన్న వాట్సాప్ మెసేజ్ ఉన్నా దాన్ని ఎవరూ స్క్రోలింగ్‌లో వెయ్యరు.

మీ ఒక్కరి పేరు రాస్తే ఏ-టూ నుంచి అందరూ బయటపడతారు. మందు షాపు బయటపడుతుంది. ఇంట్లో బెల్టు తీసే నాన్న బయటపడతాడు. కొండ దిగొచ్చే గంజాయి బయటపడుతుంది. 2021లో పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఏజెన్సీ కొండలెక్కి గంజాయి తోటలు నరికిన సంగతి ఆ పూట ఎవరికీ గుర్తుకు రాదు. పైగా మీకు కులసంఘం లేదు, బెయిలు కోసం తిరిగే బావమరిది లేడు, జీవీఎంసీ గాంధీ బొమ్మ దగ్గర ధర్నాకి కూర్చునేవాళ్లు లేరు. ఇంత మంచి ముద్దాయి ఎవరికి దొరుకుతాడు?

మీ మీద సాక్ష్యం ల్యాబ్‌లో ఎలా తయారవుతుందో చెబుతాం. కాలేజీ పిల్లల్ని రెండు జట్లు చేస్తారు. ఒక జట్టు పావుగంట తుపాకుల ఆట ఆడుతుంది, రెండోది రక్తం లేని ఆట. ఆ తర్వాత ఎవరినైనా పొడవండి అనలేరు కదా, అందుకని చేతికి ఓ కప్పు, కారపు సాసు ఇస్తారు. ‘పక్కగదిలో ఒకాయన తింటాడు, ఆయనకి కారం పడదు, ఎంత పోస్తావో పొయ్యి’ అంటారు. పోసిన గ్రాములే దూకుడు. ఈ తూకం మన ఊళ్లో పెడితే, వద్దు మొర్రో అంటున్నా ఇంకో గరిటె ఆవకాయ వడ్డించే ప్రతి మేనత్తా లోపలికి పోవాల్సిందే.

రెండో పరీక్షలో బటన్ నొక్కే పోటీ. ఓడినవాడి చెవిలో రొద. అవతలివాడి చెవిలో అది ఎంత మోతగా, ఎంతసేపు ఉండాలో ఆడేవాడు ముందే ఎంచుకోవాలి. నిజానికి అవతల ఎవరూ ఉండరు, అంతా కంప్యూటరే. మరి దూకుడంటే మోతనా, ఎంతసేపన్నదా, రెండూ గుణించాలా, మొదటిసారిదే తీసుకోవాలా, అన్నిటి సగటా? మాల్టే ఎల్సన్ అనే పరిశోధకుడు పాత పేపర్లన్నీ ముందేసుకుని చూస్తే, ఈ ఒక్క పరీక్షకే మార్కులు వేసిన తీర్లు 150కి పైగా తేలాయి. అన్ని తీర్లుంటే కావలసిన ఫలితం ఏదో ఒకదాంట్లో రాకుండా పోతుందా?

లెక్క కట్టే పద్ధతి ముందే రాసిపెట్టుకుని చూసినవాళ్లూ ఉన్నారు. 2019లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వెయ్యిమందికి పైగా బ్రిటన్ పిల్లల్ని, 14, 15 ఏళ్లవాళ్లని, ఆ తీరునే పరిశీలించారు. ఏ ఆటలో ఎంత హింస ఉందో పిల్లల మాట నమ్మకుండా అధికారిక రేటింగ్ నుంచి తీసుకున్నారు. పిల్లాడి దూకుడు సంగతి ఇంట్లో పెద్దవాళ్లని అడిగారు. రెంటికీ సంబంధం కనబడలేదు. 2020లో అమెరికా సైకాలజిస్టుల సంఘం కూడా, అరుపులు, తోపులాటల దాకా చిన్నపాటి సంబంధం ఉంది గానీ హింసాత్మక నేరాలు మీకు అంటగట్టడానికి ఆధారం చాలదంది. అంతకుముందే, 2011లో, అక్కడి సుప్రీంకోర్టు పిల్లలకి మీలో హింసాత్మకమైనవాటిని అమ్మకూడదన్న కాలిఫోర్నియా చట్టాన్ని 7-2తో కొట్టేసింది.

ఇక్కడ మీకు పడ్డ శిక్ష చూస్తే నవ్వొస్తుంది. 2020 సెప్టెంబర్‌లో పబ్జీని నిషేధించగానే పిల్లలు బాగుపడ్డారని అమ్మలు దణ్ణం పెట్టుకున్నారు. ఉత్తర్వులో ఉన్న కారణం దేశ భద్రత, డేటా. హింస కాదు. మరుసటి ఏడు పేరు మార్చుకుని బీజీఎమ్ఐగా (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వచ్చారు. రక్తం ఆకుపచ్చగా మారింది, ‘కిల్’ కాస్తా ‘ఫినిష్’ అయింది. అహింస అంటే అదే కాబోలు.

హత్య కేసు ఇలా వీగిపోయిందని కాలర్ ఎగరేయకండి. మీ మీద చిల్లర కేసులు బోలెడున్నాయి, అవే అసలైనవి. మీ క్లాసిక్ మ్యాచ్ అరగంట, మధ్యలో పాజ్ ఉండదు. వదిలేసి లేస్తే ర్యాంకు పడుతుంది, మిగతా ముగ్గురూ తిడతారు. సరిగ్గా ఆఖరి సర్కిల్‌లో, గెలుపోటములు తేలే వేళకి, అమ్మ అన్నానికి పిలుస్తుంది, నాన్న రౌటర్ పీకేస్తాడు. పిల్లాడు ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. ‘చూశారా, ఆట వల్ల హింస’ అంటారు. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య పిలిస్తే సగం గొడవ ఉండదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు మీరు.

పింగ్, అంటే నెట్ చేసే ఆలస్యం, 200 మిల్లీసెకన్లు దాటిందా, గోడ వెనక్కి వచ్చి కూర్చున్నాక కూడా తూటా తగులుతుంది. ఆ కోపం తుపాకీ నేర్పింది కాదు. 2014లో పరిశోధకులు టెట్రిస్‌ని మార్చి, అవసరం లేని ముక్కే పడేలా చేస్తే, ఇటుకల ఆటకే జనం రగిలిపోయారు.

ఇక డబ్బు. మీ క్రేట్లలో, అంటే అదృష్టం కొద్దీ తెరిచే పెట్టెల్లో, తుపాకీ తొడుగుల (స్కిన్‌ల) కోసం యూసీలు, అంటే ఆటలో చెల్లే నాణేలు, కొంటుంటే ఖాళీ అయ్యేది నాన్న ఖాతా. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ వేలిముద్ర అడిగేలా పెట్టుకోవడానికి నిమిషం పట్టదు, చాలా ఇళ్లలో అదే జరగదు. 18 నిండాయా అని మీరు అడుగుతారు, పదమూడేళ్లవాడు నిండాయని నొక్కుతాడు, మైనర్లకి పెట్టిన మూడు గంటల హద్దు అక్కడితో సరి. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో గేమింగ్ రుగ్మత ఉంది. దాని లక్షణాల్లో కత్తులు, తుపాకులు లేవు. అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం తెలిసీ ఆపలేకపోవడం ఉన్నాయి.

కాబట్టి వాయిదాకి వచ్చేటప్పుడు మూడు పనులు చేసుకుని రండి. స్పిన్ బటన్ పక్కనే, ఆ తొడుగు పడే అవకాశం ఎంతో పెద్దక్షరాల్లో రాయండి. వయసు నిజంగా తేల్చే పద్ధతి పెట్టండి. రాత్రి పదకొండు దాటితే మైనర్లకి కొత్త మ్యాచ్ మొదలవ్వకుండా చూడండి. లాయర్ని తెచ్చుకోనక్కర్లేదు, ఈ కేసులకి టీవీవాళ్లు రారు.

ఇట్లు,
చిల్లర కేసుల ఫిర్యాదుదారులు