లైసెన్సు ఫీజు కట్టినవాడికి లెక్క చెప్పేదెవరు?

అనంతపురం జిల్లాలో ఒక చిన్న పట్టణంలో మా బావకు టిఫిన్ హోటల్ ఉంది. పొద్దున ఉగ్గాణి, బజ్జీ. సాయంత్రం బూంది, కారాలు తూకానికి అమ్ముతాడు. గల్లాపెట్టె కింద ఒక రేకు డబ్బా పెట్టుకున్నాడు. మొన్న వెళ్లినప్పుడు దాన్ని నా ముందు బోర్లించాడు. అన్నీ రసీదులే. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, ఫుడ్ రిజిస్ట్రేషన్, కాటాకు ముద్ర వేయించిన సర్టిఫికెట్, కార్మిక శాఖ రిజిస్ట్రేషన్, వృత్తి పన్ను. కొన్నింటికి నూనె మరకలు అంటి అంకెలు కూడా కనిపించడం లేదు.

"ఐదేండ్లయింది బామ్మర్దీ. ఒక్కటి గూడా ఆపకుండా కడతాండా. నా నూనె ఎట్లుందో చూసినోడు ఒక్కడన్నా వచ్చినాడా?" అన్నాడు.

డబ్బు పోయిందని కాదు ఆయన బాధ. హోటల్ ముందు కాలువ నిండితే మనిషిని పెట్టి పూడిక తీయించేది ఆయనే. నూనె ఎన్నిసార్లు కాచాలో, ఎప్పుడు పారబోయాలో ఆయనకు చెప్పినవాళ్లు లేరు. లైసెన్సు అంటే ఈ హోటల్లో తింటే ఫర్వాలేదని ప్రభుత్వం జనానికి ఇచ్చే మాట. చూడకుండా ఇచ్చిన మాటకు విలువేముంది?

పన్ను, ఫీజు ఒకటి కాదు. వృత్తి పన్ను పేరులోనే పన్ను ఉంది. రాజ్యాంగం 276వ అధికరణం దానికి ఏడాదికి 2,500 రూపాయల పరిమితి పెట్టింది. 1988లో సవరించక ముందు అది 250 రూపాయలే. పన్ను కట్టినవాడు నాకేం తిరిగొచ్చిందని అడగలేడు. ఫీజు అలా కాదు, ఫలానా పని చేస్తామని చెప్పి తీసుకునే డబ్బు అది. పన్ను పెంచాలంటే చట్టసభలో చర్చ జరగాలి. ఫీజు పెంచడానికి చాలా చోట్ల ఒక జీవో, లేదా ఒక కౌన్సిల్ తీర్మానం సరిపోతుంది. అందుకే ఖజానాకు కష్టం వచ్చినప్పుడల్లా అధికారుల చూపు ముందు ఫీజుల మీద పడుతుంది.

ఈ తేడాను సుప్రీంకోర్టు 1954లోనే శిరూరు మఠం కేసులో స్పష్టంగా చెప్పింది. ఫీజుకు, చేసే సేవకు సంబంధం ఉండాలంది. పంజాబ్ వ్యవసాయ మార్కెట్ల ఫీజు మీద 1979లో ఇచ్చిన తీర్పు ఇంకా గట్టిది. వసూలైన దాంట్లో మూడింట రెండొంతులో, నాలుగింట మూడొంతులో ఆ సేవకే ఖర్చయినట్టు చూపాలని చెప్పింది. ఆ బిగువు సడలింది మన రాష్ట్రం కేసులోనే. వ్యవసాయ మార్కెట్లలో ఫీజును వందకు అర్ధరూపాయి నుంచి రూపాయికి పెంచితే వ్యాపారులు కోర్టుకు వెళ్లారు. 1983లో సుప్రీంకోర్టు ఆ పెంపును సమర్థించింది. ఫీజుకు, సేవకు మధ్య లెక్క అణా పైసలతో సరిపోవాల్సిన పని లేదు, మొత్తం మీద సంబంధం ఉంటే చాలంది.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆదోని యార్డులో పత్తి కొన్న వ్యాపారి కట్టిన రూపాయి అక్కడి షెడ్డుకే పోయిందా, దారికి పోయిందా అని ఎవరూ తేల్చలేరు. కానీ రూపాయికి రూపాయి చూపనక్కర్లేదు అన్న మాటను మన ఆఫీసులు అసలు లెక్కే చూపనక్కర్లేదని అర్థం చేసుకున్నాయి. నష్టం జరిగింది అక్కడే. పైగా ఆ ఫీజు చివరికి ఎవరి మీద పడుతుందో కర్నూలు యార్డుకు ఉల్లి తెచ్చే రైతును అడిగితే తెలుస్తుంది. వ్యాపారి కట్టేదంతా ధర చెప్పేటప్పుడే ఆయన లెక్కలో ఉంటుంది.

ఫీజు డబ్బు వేరే పనికి మళ్లింది అనగానే మనకు దొంగతనం గుర్తొస్తుంది. చాలాసార్లు దొంగతనం అవసరమే ఉండదు. 266వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చే ఆదాయం సంఘటిత నిధిలో, అంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉండే ఖజానాలో చేరాలి. తూనికలు కొలతల శాఖ వసూలు చేసినదీ అందులోకే, మద్యం మీద వచ్చినదీ అందులోకే. చెరువులో పోసిన బిందె నీళ్లను మళ్లీ వేరు చేయలేం. తన శాఖ ఎంత తెచ్చిపెట్టినా, ఇన్‌స్పెక్టర్ జీపుకు డీజిల్ కావాలంటే ఆర్థిక శాఖ నుంచి బడ్జెట్ రావాల్సిందే. రాకపోతే ఆయన ఆఫీసులో కూర్చుని రెన్యువల్స్ మీద సంతకాలు పెడతాడు. వసూలు ఆగదు, తనిఖీ ఆగుతుంది. మా బావ నూనెను ఎవరూ చూడకపోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

విడిగా నిధి ఉన్న సంస్థల డబ్బు భద్రంగా ఉంటుందా అంటే, అదీ లేదు. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కథ ఇంకా మరిచిపోలేదు. 1986లో పెట్టిన ఆ వర్సిటీ నిధి అఫిలియేషన్ ఫీజులు, పరీక్ష ఫీజుల నుంచి కూడబెట్టింది. కర్నూలు మెడికల్ కాలేజీలో, అనంతపురంలో, కడప రిమ్స్‌లో చదివిన పిల్లలు డాక్టరు కావడానికి కట్టిన రూపాయలూ అందులో ఉన్నాయి. 2021లో ఆ నిధి నుంచి 400 కోట్ల రూపాయలను రాష్ట్ర ఆర్థిక సేవల సంస్థకు డిపాజిట్ పేరుతో బదిలీ చేశారు. ఉద్యోగులు ఆందోళనకు దిగారు. బ్యాంకు కన్నా మంచి వడ్డీ వస్తుందని అధికారులు సమర్థించుకున్నారు. కానీ అడగాల్సింది వడ్డీ గురించి కాదు. అంత మిగులు ఉంటే పిల్లల ఫీజు ఎందుకు తగ్గించలేదు? ల్యాబులు, లైబ్రరీలు బాగు చేయడానికి ఎందుకు వాడలేదు? ఒక పార్టీని అనడానికి ఇది రాయడం లేదు. పోగుపడిన ఫీజు డబ్బు మీద ఏ ప్రభుత్వానికైనా కన్ను పడుతుంది.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసమని కట్టడాల మీద వసూలు చేసే సెస్సు గతి కూడా ఇంతే. దేశం మొత్తం మీద 37,400 కోట్లకు పైగా వసూలైతే, అందులో ఖర్చయింది సుమారు 9,500 కోట్లేనని 2018లో సుప్రీంకోర్టే బాధపడింది.

రెండో వైపు కూడా చెప్పాలి. ఫీజును మరీ తక్కువగా కట్టిపడేసినా దొడ్డిదారులు పుడతాయి. అడ్వొకేట్స్ చట్టం ప్రకారం న్యాయవాదిగా నమోదుకు ఫీజు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. ఇది 1993లో పెట్టిన అంకె. ఆ తర్వాత పార్లమెంటు దాని వంక చూడలేదు. న్యాయవాదులను నమోదు చేసే బార్ కౌన్సిళ్లు నడిచేది సభ్యుల డబ్బుతోనే కాబట్టి లైబ్రరీ నిధి, సంక్షేమ నిధి, పరిశీలన రుసుం అంటూ రకరకాల పేర్లు పుట్టాయి. ఒడిశాలో మొత్తం 42,100 రూపాయలకు, కేరళలో 20,050కి చేరింది. 2024 జులై 30న సుప్రీంకోర్టు చట్టంలో ఉన్నదానికి మించి తీసుకోవద్దని తీర్పునిచ్చింది. అప్పటిదాకా తీసుకున్నది మాత్రం వెనక్కి ఇవ్వక్కర్లేదంది. అప్పు చేసి నల్లకోటు వేసుకున్న పల్లె పిల్లలకు అది ఊరట ఇవ్వని మాట. అయినా ఫీజు వేసేవాళ్లకు చట్టం చెప్పిన గీత ఒకటుందని గట్టిగా గుర్తు చేసిన తీర్పు అది. ఆ గీతను ఎప్పటికప్పుడు, ఖర్చు లెక్కలు బయట పెట్టి సవరించాల్సిన బాధ్యత పార్లమెంటుది.

నేను కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. లైసెన్సు ఇచ్చే ప్రతి ఆఫీసు గోడ మీద ఏటా మూడు అంకెలు రాయాలి: ఈ లైసెన్సు మీద ఎంత వచ్చింది, తనిఖీలకు ఎంత ఖర్చయింది, ఎన్ని చోట్ల తనిఖీ చేశారు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడ్జెట్, ఖర్చు వివరాలు ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ఫీజు పెంచే జీవోతో పాటు పాత ఫీజు లెక్క కూడా జత చేయాలి. చిన్న వ్యాపారికి ఆఫీసు కౌంటర్లోనే దరఖాస్తు నింపి పెట్టాలి. టర్నోవర్ పన్నెండు లక్షల లోపు ఉంటే ఫుడ్ రిజిస్ట్రేషన్‌కు 2011 నిబంధనలు పెట్టిన ఫీజు ఏడాదికి 100 రూపాయలే. మా బావ నెట్ సెంటర్లో కట్టింది దానికి ఎన్నో రెట్లు. ఆయన ఇన్నేళ్లూ అదంతా సర్కారు ఫీజే అనుకున్నాడు.

ఆ సాయంత్రం బజ్జీల రద్దీ తగ్గాక ఇద్దరం కూర్చుని ఒక తెల్లకాగితం మీద ఆ మూడు ప్రశ్నలే రాశాం. మన రాష్ట్రంలో సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది. బావ పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు తెచ్చి అంటించాడు. మరుసటి రోజు పొద్దున హోటల్ తమ్ముడికి అప్పజెప్పి, తానే వెళ్లి ఇచ్చి, వెనక ముద్ర వేయించుకుని వచ్చాడు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ కాగితం జిరాక్సు ఇప్పుడు రేకు డబ్బాలో అన్నిటికన్నా పైన ఉంది.