చిరంజీవి ఫాస్టాగుకు

నీ కారు యజమాని ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే, మొన్న పెళ్ళికని హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తూ టోల్ గేటు దగ్గర నువ్వు చేసిన పనికి నా బీపీ ఇంకా కుశలంగా లేదు. వెనక కనుచూపు మేర కార్లు. పైనుంచి నిన్ను చదివే మెషిన్, అదే రీడర్, పిలుస్తోంది. నువ్వేమో అత్తారింట్లో కొత్తల్లుడిలా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నావు.

గేటు కుర్రాడు "కొంచెం వెనక్కి తీయండి సార్" అన్నాడు. తీశాను. "ఇప్పుడు రండి" అన్నాడు. వచ్చాను. ఇలా మూడు ప్రదక్షిణలయ్యాక చేతి మెషిన్ తెచ్చి అద్దానికి ఆనించాడు. అప్పుడూ మౌనవ్రతమే.

అసలు నీకున్న పనెంత? బ్యాటరీ లేదు, సొంత ఊపిరి లేదు. రీడర్ 865-867 మెగాహెర్ట్జ్ మధ్య తరంగాలు వదిలితే, అందులోంచి దొరికిన పిసరంత కరెంటుతో నీ చిప్ నిద్రలేస్తుంది. జవాబైనా సొంత గొంతుతో చెబుతావా అంటే అదీ లేదు. చిన్నప్పుడు బళ్ళో అద్దం ముక్కతో ఎండని మాస్టారి మొహం మీదకి కొట్టేవాళ్ళం. వేలు అడ్డం పెట్టి తీస్తూంటే వెలుగు మినుకు మినుకుమనేది. నువ్వు చేసేదీ అదే. రీడర్ పంపిన తరంగాన్నే ఓసారి ఎక్కువగా, ఓసారి తక్కువగా దాని మీదకే తిప్పికొడతావు. ఆ మినుకుల్నే అది సున్నాలూ ఒకట్లుగా చదువుకుంటుంది. కరెంటు వాళ్ళది, తరంగం వాళ్ళది, నీది నంబరొక్కటే. మా ఆఫీసులోనూ ఇలాంటివాళ్ళున్నారు. అందరికీ ప్రమోషన్లొచ్చాయి.

నీ వంశం గొప్పదే, కాదనను. 1945లో సోవియట్ పిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారికి ఒక చెక్క రాజముద్ర బహూకరించారు. అందులో బ్యాటరీ లేని మైకు దాచారు. బయటి నుంచి రేడియో తరంగం తగిలితేనే అది పలికేది. 1952లో దొరికిపోయే దాకా గోడ మీద వేలాడుతూ ఆ ఇంటి మాటలు మోసింది. మీ తాత అంత గూఢచర్యం చేస్తే, నీకు 'నేను ఫలానా' అని చెప్పడానికింత బిడియమా?

ఒక్క విషయంలో నిన్ను మెచ్చుకోవాలి. ఒకే రీడర్ ముందు నలుగురు పడ్డా మీరు మాలాగా హారన్లు కొట్టుకోరు. రీడర్ ఒక హద్దు చెబితే, ఆ లోపల ఎవరికి వాళ్ళు ఏదో ఒక అంకె టోకెన్‌గా తీసుకుంటారు. సున్నా వచ్చినవాడు పలుకుతాడు, మిగతావాళ్ళు రీడర్ పిలిచినప్పుడల్లా ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ ఆగుతారు. ఇద్దరికీ ఒకేసారి సున్నా వస్తే కొట్లాట లేదు, మళ్ళీ టోకెన్లే. ఆ రోజు పక్కనుంచి మూతి దూర్చిన తెల్లకారాయనకి ఈ చదువు చెప్పి పుణ్యం కట్టుకో.

డబ్బు నీలోనే ఉందనుకుని నిన్ను తిట్టేవాళ్ళే అందరూ. నీ దగ్గర పైసా ఉండదు, లెక్కంతా బ్యాంకులో. ఖాతాలో ఆరొందలున్నాయని ఫోన్ తీసి చూపించాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. "ట్యాగులో తప్పు లేకుండా, ఖాతాలో డబ్బుండి, మీ మెషిన్ చదవకపోతే ఊరికే వదలాలి. 2018 నాటి రూలు" అన్నాను ఠీవిగా. "మెషిన్ బానే ఉంది సార్, మీ ముందు కారు వెళ్ళింది కదా" అన్నాడు. నోరు మూసుకుని, మామూలు టోలుకి పావు వంతు ఎక్కువ యూపీఐలో కొట్టాను.

పెళ్ళింట్లో దిగాక అద్దం వెనక్కి తొంగి చూస్తే, నీ వీపుకి అతుక్కుని వెంకన్న స్వామి! తళతళలాడే వెండి రేకు స్టిక్కర్.

"ఆ గీతల కాగితం చూళ్ళేక అంటించాన్రా. దారిలో ఆయనే చూసుకుంటాడు" అంది అమ్మ.

రేకు ఒంటికి ఆనుకుంటే నీ యాంటెన్నా మూగబోతుందని అమ్మకేం తెలుసు? అనవసరంగా పూజారిని ఆడిపోసుకున్నాను, అడ్డం నిలబడ్డది సాక్షాత్తూ దేవుడే. లాగితే ఆయనతో పాటు నువ్వూ చిరిగిపోతావు, చిరిగితే ఇక పలకవు. కొసనించి నెమ్మదిగా ఊడదీద్దామంటే, "శనివారం పూట స్వామిని పీకుతావా?" అంటోంది అమ్మ.

మా తిరుగు ప్రయాణం శనివారమే.

ఇట్లు,
నీ వెనక సీట్లో కూర్చున్నవాడు