‘తల్లి ప్రేమే చాలు’ అనే ఫార్వర్డ్‌కు జవాబు

ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్న పిల్లల కుటుంబాల గురించి ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులోని సారాంశం ఇదీ: ‘ప్రత్యేకమైన బిడ్డను దేవుడు మోయగలిగిన తల్లికే ఇస్తాడు. తల్లి ప్రేమకు మించిన థెరపీ లేదు. బయటి సాయం అలవాటైతే కుటుంబం బాధ్యత వదిలేస్తుంది. నిజంగా అవసరం ఉన్నవాళ్ళు ఎలాగూ అడుగుతారు. అమ్మానాన్నల తర్వాత తోబుట్టువులు ఉన్నారుగా.’

రాసినవాళ్ళ మనసు మంచిదే కావచ్చు. కానీ ఈ ఐదు మాటల్లో ఒక్కటీ నిలబడదు.

‘మోయగలిగిన తల్లికే ఇస్తాడు’

దేవుడి సంగతి జోలికి నేను వెళ్ళను. 21వ క్రోమోజోమ్ ఒకటి అదనంగా రావడం వల్ల డౌన్ సిండ్రోమ్ వస్తుంది. ఎదిగే దశలో మెదడు దెబ్బతినడం వల్ల సెరిబ్రల్ పాల్సీ వస్తుంది. ఇవేవీ తల్లి ఓర్పు చూసుకుని రావు. ఒక్క నెల జీతం ఆగితే గడవని ఇళ్ళలోనూ, తల్లి ఆరోగ్యమే అంతంతమాత్రంగా ఉన్న ఇళ్ళలోనూ ఈ పిల్లలు ఉన్నారు. ‘నువ్వు మోయగలవు కాబట్టే ఇచ్చాడు’ అని పొగిడేశాక, ‘నా వల్ల కావడం లేదు’ అని ఆవిడ ఇక ఎవరితో చెప్పుకుంటుంది? అన్నట్టు, ఆ మొదటి రెండు వాక్యాల్లో తండ్రి ఊసే లేదు.

‘తల్లి ప్రేమకు మించిన థెరపీ లేదు’

ఈ మాటకు ఒక చేదు చరిత్ర ఉంది. 1943లో ఆటిజాన్ని వర్ణించిన మానసిక వైద్యుడు లియో కానర్, కొన్నేళ్ళ తర్వాత ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని రాశాడు. 1960లలో బ్రూనో బెటల్‌హైమ్ అనే రచయిత ఆ ఆలోచనను ఇంటింటికీ చేర్చాడు. తల్లి మనసు గడ్డకట్టిపోవడం వల్లే బిడ్డ ముడుచుకుపోయాడని చెబితే, ఒక తరం తల్లులు నిజమేననుకుని కుమిలిపోయారు. ఆటిజం ఉన్న కొడుకును పెంచుతున్న మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్లండ్ 1964లోనే దీన్ని ఎదిరించి, మూలం శరీరంలో, మెదడులో ఉందని వాదించాడు. ఆ వాదనే తర్వాత నిలిచింది.

మన మెసేజ్ ఆ పాత నిందనే తిరగేసి పొగడ్తగా చెబుతోంది. ప్రేమే మందైతే, మాట రాని పిల్లాడి తల్లికి ప్రేమ తక్కువైందనేగా అర్థం! ఈ ఇళ్ళలో కరువు ప్రేమకు కాదు. ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలి, మాటలు రాని బిడ్డ తనకేం కావాలో చెప్పడానికి దారి ఎలా చూపాలి, తల గోడకేసి కొట్టుకుంటుంటే ఎలా ఆపాలి? ఇవన్నీ ఎవరో ఒకరు నేర్పాలి, నేర్చుకోవచ్చు కూడా. ఇలాంటి పిల్లల్ని చూసుకునేవాళ్ళ (కేర్‌గివర్ల) కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన శిక్షణలో 9 గ్రూప్ సెషన్లు, 3 సార్లు ఇంటికి రావడం ఉంటాయి. దాన్ని నడపడానికి స్పెషలిస్టులే అక్కర్లేదు, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు చాలు. చూసుకునేవాళ్ళ సొంత ఆరోగ్యం గురించి కూడా అందులో ఉంది. తల్లి కూడా మనిషేనని గుర్తున్నవాళ్ళు రాసిన పాఠం అది.

‘సాయం అలవాటైతే బాధ్యత వదిలేస్తారు’

జరిగిన చరిత్ర దీనికి సరిగ్గా వ్యతిరేకం. న్యూయార్క్‌లో మేధో వైకల్యం ఉన్నవారిని ఉంచే విల్లోబ్రూక్ అనే ప్రభుత్వ సంస్థను 4,000 మంది కోసం కట్టారు. 1960ల మధ్యకు అందులో 6,000 మంది దాకా కుక్కారు. అక్కడి దుర్గంధం, మురికి, బట్టల్లేని పిల్లలు 1972లో టీవీలో కనబడ్డాక దేశం ఉలిక్కిపడింది. చివరికి 1987లో అది మూతపడింది. మరి బిడ్డల్ని అక్కడికి పంపిన కుటుంబాలన్నీ రాతి గుండెలవేనా? ఇంటి దగ్గర ఏ సాయమూ లేని రోజులవి. మొత్తం ఒంటరిగా మోయడమో, మొత్తం అప్పగించేయడమో, ఆ రెండే దారులు.

ఇంకో ఉదాహరణ కేటీ బెకెట్ అనే అమెరికన్ పాప. మెదడువాపు వచ్చాక ఆమెకు వెంటిలేటర్ తప్పనిసరైంది. అమ్మానాన్నలు ఇంటికి తీసుకెళ్తామన్నారు. ఆసుపత్రిలో ఉంటేనే ఖర్చు భరిస్తామంది ప్రభుత్వ బీమా. ఆసుపత్రిలో నెలకు 6,000 డాలర్లు, ఇంట్లో అయితే 1,000 అని 1981లో అధ్యక్షుడు రీగన్ స్వయంగా ప్రెస్ మీట్‌లో ప్రస్తావించాక నిబంధన సడలించారు. పాప ఇంటికి వచ్చింది. ఇక్కడ బాధ్యత తమకే కావాలని కుటుంబం అడిగింది, అడ్డుపడింది నిబంధన.

స్వీడన్‌లో 1994 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, తీవ్ర వైకల్యం ఉన్నవారికి పర్సనల్ అసిస్టెంట్, ఇంటికే వచ్చి కాసేపు చూసుకునే మనిషి, కొన్నాళ్ళు బయట ఉండే ఏర్పాటు హక్కుగా అందుతాయి. నెలకు రెండు రాత్రులు ప్రశాంతంగా నిద్రపోయిన తల్లి బిడ్డను వదిలేసి పోతుందని భయపడేవాళ్ళు, వరసగా నిద్ర లేకుండా ఒక వారం గడిపి చూడాలి.

‘అవసరం ఉన్నవాళ్ళు అడుగుతారు’

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఈ మాట. అడగాలంటే ముందు అలాంటి సేవ ఒకటి ఉందని తెలియాలి. ఆ తర్వాత సర్టిఫికెట్లు, ఫారాలు, క్యూలు. ఆఫీసులు పనివేళల్లోనే తెరిచి ఉంటాయి, అప్పుడు బిడ్డను ఎవరికి అప్పగించి వెళ్తారు? క్యూలో అరిచే పిల్లాడిని వెంటబెట్టుకుని వెళ్తే చూపులు తప్పవు. ‘చేతకాని తల్లి అని రాసుకుంటారేమో’ అన్న టెన్షన్ వీటన్నిటికీ అదనం. దాంతో చదువు, తీరిక, పరిచయాలు ఉన్నవాళ్ళకే సాయం ముందు అందుతుంది. బాగా అలసిపోయినవాళ్ళు జాబితాలోనే కనిపించరు.

అందుకే మంచి సేవలు అడిగేదాకా ఆగవు. వైకల్యం నిర్ధారణ అయిన రోజే, ఆ దారిలో ముందు నడిచిన మరో తల్లినో తండ్రినో పరిచయం చేస్తాయి. ఫారాలు, ఫోన్లు, అపాయింట్‌మెంట్లు చూడటానికి కుటుంబానికి ఒక మనిషిని కేటాయిస్తాయి. చుట్టాలైనా అంతే. ‘ఏమైనా కావాలంటే చెప్పండి’ అనడం తేలిక. ‘శనివారం సాయంత్రం మూడు గంటలు నేను కూర్చుంటా, మీరు బయటికి వెళ్ళి రండి’ అనేవాళ్ళు తక్కువ.

‘తోబుట్టువులు ఉన్నారుగా’

అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం 1983లో 25 ఏళ్ళు. ఇప్పుడది 60కి దగ్గర్లో ఉంది. అంటే 85 ఏళ్ళ తల్లి 55 ఏళ్ళ కొడుకును చూసుకునే రోజులొచ్చాయి. ఆ కొడుక్కి అప్పటికే అల్జీమర్స్ మొదలై ఉండొచ్చు, డౌన్ సిండ్రోమ్‌లో అది ముందుగానే వస్తుంది. అక్కకో తమ్ముడికో ప్రేమ ఉండొచ్చు, ఉండాలి కూడా. కానీ తమను అడగకుండానే చిన్నప్పటి నుంచీ తమ పేరు రాసేసి ఉంచడం వేరు. అసలు ఆ మనిషికి ఎవరితో, ఎక్కడ ఉండాలనుందో ఎవరైనా అడిగారా? ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే అవకాశం అందరితో సమానంగా ఉండాలని వైకల్యం ఉన్నవారి హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం 19వ అధికరణం చెబుతోంది.

‘మా తర్వాత ఎవరు?’ అన్న ప్రశ్నకు జవాబు అమ్మానాన్నలు ఉండగానే మొదలుపెట్టాలి. మొదట ఒక పూట డే సెంటర్, తర్వాత ఒక రాత్రి, తర్వాత ఓ నాలుగు రోజులు, కొద్దిమంది సాయంతో కలిసి ఉండే చిన్న గ్రూప్ హోమ్‌లో. ఏ మందు ఎప్పుడు వేయాలి, ఏ శబ్దానికి భయపడతాడు, నొప్పి వస్తే ఎలా చూపిస్తాడు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టాలి. లేకపోతే తల్లిని, ఇంటిని, అలవాట్లను ఆ మనిషి ఒకే రోజున పోగొట్టుకుంటాడు. ఏడిస్తే ఎందుకేడుస్తున్నాడో తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ ఉండరు.