రైతునవుతానని ఎవరూ అనలేదు

వేరుశనగకు పేరుపడ్డ అనంతపురం జిల్లాలో, "పెద్దయ్యాక ఏమవుతావు?" అని అయ్యవారు అడిగితే "రైతునవుతా" అన్న పిల్లవాడు మా తరంలో నాకైతే తగల్లేదు. కలెక్టరు, టీచరు, ఎస్సై, బస్సు కండక్టరు. గుంతకల్లు పిల్లలైతే రైలింజన్ డ్రైవరు. 1956 నుంచి రైల్వే డివిజన్ ఉన్న ఊరు మరి. నలభై దాటాక నలుగురం కలిస్తే ఆ మాటలకు నవ్వుకుంటాం. అనుకున్నదేమిటి, అయ్యిందేమిటి అన్న దిగులూ కాస్త ఉంటుంది. అది అనవసరపు దిగులని నా అభిప్రాయం.

ఆ వయసులో ఉద్యోగం గురించి మనకేం తెలుసు? తెలిసిందల్లా విజిల్ ఊది అంత పెద్ద బస్సును ఆపే కండక్టరు. రైలు నడిపేవాళ్ల రాత్రి డ్యూటీలు, చాలా ఇంజన్లలో మరుగుదొడ్డి లేకపోవడం పదేళ్ల పిల్లవాడికి ఎవరు చెబుతారు? అద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉంటేనే అసిస్టెంట్ లోకో పైలట్‌గా, అంటే రైలింజన్ సహాయ డ్రైవరుగా తీసుకుంటారు. ఎనిమిదో తరగతిలో సోడాబుడ్డి అద్దాలు వచ్చినవాడికి ఆ దారి అప్పుడే మూసుకుపోయింది. పాపం, వాడు ఇంటర్ దాకా ఆశపడ్డాడు.

రైతును మాత్రం రోజూ ఇంట్లోనే చూశాం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ ఊడలు దిగి కాయ పట్టే వేళకు మొహం చాటేస్తే పెట్టుబడి కూడా తిరిగిరాదు. విత్తనాలకు చేసిన అప్పు, వడ్డీ, అమ్ముడుపోయిన ఎద్దులు, అన్నీ మనకు తెలిసే జరిగాయి. "నా మాదిరి మట్టిలో పడొద్దు నాయనా, సదువుకో" అన్నది కూడా ఆ తండ్రే. తెలియని పనులన్నీ కలలయ్యాయి. లోతుపాతులు తెలిసిన ఒక్క పనినీ వద్దనుకున్నాం. చిన్నప్పుడు మనం ఆలోచించి తీసుకున్న నిర్ణయం ఏదైనా ఉందంటే అదొక్కటే.

బాధపడాల్సింది పదో తరగతి తర్వాత జరిగినదానికి. మార్కులు చూసి, ఎంపీసీనా బైపీసీనా అన్నది మామయ్యో, పక్కింటి లెక్చరరో తేల్చేశారు. ఆపైన ఇంజనీరింగ్, బెంగళూరు బస్సు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలైంది. ఆ చుట్టుపక్కల పిల్లలు ఇప్పుడు యూనిఫాం వేసుకుని షిఫ్టుకు వెళ్లేవాళ్లను చూస్తూ పెరుగుతున్నారు. వాళ్ల జాబితాలో కొత్త పనులు చేరే ఉంటాయి. అయితే లోపల పనేమిటో గేటు బయటి నుంచి కనబడదు. పదో తరగతి చివర్లో కెరీర్ గైడెన్స్ పేరుతో పెట్టే గంట ఉపన్యాసం వల్ల ఒరిగేది తక్కువ. ఆరో తరగతి నుంచే పిల్లల్ని ఫ్యాక్టరీకి, ఇంజన్ షెడ్డుకు, ఆస్పత్రి ల్యాబ్‌కు తీసుకెళ్లాలి. జీతమెంత, ఇంటికి ఎన్నింటికి పోతారు అని వాళ్లనే అడగనివ్వాలి. చీనీ (బత్తాయి), దానిమ్మ తోటలతో నిలదొక్కుకున్న రైతుల దగ్గరికీ తీసుకెళ్లాలి, బోరు ఎండిన ఏడాది లెక్కతో సహా చెప్పమనాలి.